చీమకుర్తి రాయి మీద ఒంగోలు నీళ్లు: ఇంటి ముందు జలధార డైరీ

జనవరి 18

ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపున్న మా ఇంట్లో వరండాకూ ప్రహరీకీ మధ్య పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న నేల చాలాకాలంగా ఖాళీగా ఉంది. అక్కడ రెండుసార్లు గులాబీలు నాటాము. బోరు నీళ్ల ఉప్పదనం పడక రెండుసార్లూ ఎండిపోయాయి. మోకాళ్ల నొప్పుల వల్ల ఇల్లు దాటలేని మా అమ్మ పగలంతా ఆ వరండాలోనే పడక్కుర్చీలో కూర్చుంటుంది. ఆమె కళ్లెదుట కాస్త నీరు పారుతూ ఉంటే బాగుంటుందని నాకు ఏడాదిగా ఉన్న కోరిక. ఈ సంక్రాంతి సెలవుల్లో కాగితం మీద గీతలు గీసి, పని మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

కుంట కట్టదలచుకోలేదు. నిలబెట్టిన నల్లరాతి పలక పై అంచు నుంచి నీరు పలుచగా జారి, కింద పరిచిన గులకరాళ్ల సందుల్లోంచి భూమిలో పూడ్చిన తొట్టెలోకి దిగుతుంది. ఆ తొట్టెలోని చిన్న మోటారు అదే నీటిని మళ్లీ పైకి పంపుతుంది. పైన ఎక్కడా నిలవనీరు కనబడదు. దోమ గుడ్డు రెక్కలు తొడిగి ఎగరడానికి వారం పది రోజుల నిలవనీరు చాలు కాబట్టి, వరండా పక్కన తెరిచిన కుంట పెట్టడం నాకు ఇష్టం లేదు. సెలవులకు వచ్చే పసిపిల్లలకు కూడా ఇదే క్షేమం.

ఒక నియమం మాత్రం మొదటి పేజీలోనే రాసుకుంటున్నాను. మా ఊరి కుళాయిలకు వచ్చేది సాగర్ కాలువ నీటితో నింపే వేసవి నిల్వ చెరువుల నీరు. ఎండాకాలంలో ఊరంతా దాని కోసం బిందెలు పెట్టుకుని ఎదురుచూస్తుంటే, ఆ నీటిని అలంకారానికి వాడకూడదు. ఒక్క బిందె కూడా వాడను.

జనవరి 25

రాయి కోసం చీమకుర్తి వెళ్లాను. బంగారు చుక్కలున్న ఆ నల్లరాయిని వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి శిల. చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. మనకు ఇరవై కిలోమీటర్ల దూరంలో పుట్టి దేశదేశాలకు ఓడలెక్కి పోయే రాయి మన ఇళ్లలో వంటగది గట్టుగా తప్ప మరో రూపంలో అంతగా కనబడదు. మా ఇంటి ముందు అది నీళ్లలో తడుస్తూ నిలబడాలన్నది నా ఆశ.

పాలిషింగ్ ఫ్యాక్టరీ వెనుక, మూలలు విరిగిన ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిలో మూడున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పలక ఒకటి దొరికింది. దాని ఒక ముఖం అద్దంలా పాలిష్ పట్టి ఉంది. రెండో ముఖం మీద రంపపు కోత గీతలు అలాగే ఉన్నాయి. విరిగిన మూల భూమిలోకి పోతుంది కాబట్టి బేరం సులువుగానే తెగింది. బరువు లెక్క వేస్తే వంద కిలోల పైమాటే. నలుగురు మనుషులు పట్టి ఆటోలోకి ఎక్కించారు.

ఫిబ్రవరి 4

మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఈ మట్టి మీద ఏది నిలబెట్టినా ఏడాది తిరిగేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది. ప్రహరీ గోడ పడమటి మూలన ఉన్న పగులు ఇందుకు సాక్ష్యం. అందుచేత రాయి నిలిచే చోట రెండడుగుల లోతు తవ్వించి, రేగడి మొత్తం తీసివేయించి, ఇసుక పోసి నీళ్లతో దిగ్గొట్టించి, దాని మీద ఆరంగుళాల కంకర కాంక్రీటు వేయించాను. మేస్త్రీకి ఇది అనవసరపు ఖర్చుగా తోచింది. “గుడి ధ్వజస్తంభానికి కూడా ఇంత పునాది వేయలేదు సార్” అన్నాడు గానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు.

తొట్టెకు సిమెంటు వరలు వాడాము. మూడడుగుల లోపలి వ్యాసం, అడుగు ఎత్తు ఉన్న వరలు రెండు ఒకదానిపై ఒకటి దించి, అడుగున కాంక్రీటు వేసి, అతుకులు పూశాము. ఒక్కో వరలో సుమారు 200 లీటర్లు పడతాయి కాబట్టి మొత్తం 400 లీటర్లు. నీటిమట్టం ఒక సెంటీమీటరు తగ్గిందంటే ఆరున్నర లీటర్లు పోయినట్టు. ఈ లెక్క ముందు ముందు చాలాసార్లు పనికొస్తుందని తొట్టె గోడకు ఒక ప్లాస్టిక్ స్కేలు అతికించాను.

కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. అందుకని తొట్టె నింపి మూడు రోజులుంచి పారబోయడం, మళ్లీ నింపడం, ఇలా మూడుసార్లు చేయాలి. ఈ పని నడుస్తోంది.

ఫిబ్రవరి 11

తొట్టె చుట్టూ నేలను పళ్లెంలా లోపలికి వాలుగా చేసి పరచడానికి నీరు దిగని షీటు కావాలి. పట్నాల్లో తోటల వాళ్లు వాడే రబ్బరు షీటు ఇక్కడ దొరకలేదు. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల్లో పరిచే నల్లటి షీటు గుర్తుకొచ్చి, ఆక్వా సామాన్ల దుకాణంలో అడిగితే కట్టకు చివర మిగిలిన ముక్క ఇచ్చారు. చెరువు గట్టు మీద చాపలా పరుచుకునే ఆ షీటు మా చిన్న పళ్లెంలో మడత పడడానికి ఎదురుతిరిగింది. మధ్యాహ్నం ఎండలో అరగంట పరిచి, వేడికి మెత్తబడ్డాక మడిస్తే మాట విన్నది.

తొట్టె మూతకు మేస్త్రీ కడప బండలు తెస్తానన్నాడు. వద్దన్నాను. కడప బండ సున్నపురాయి. పులుపు తగిలితే పొంగుతుంది, నీళ్లలో ఉంటే కొద్దికొద్దిగా సున్నాన్ని వదులుతుంది. చీమకుర్తి ముక్కలే మరో నాలుగు తెప్పించి, మధ్య వేలెడు సందులు వదిలి, కింద దోమల జాలీ బిగించి, పైన గులకరాళ్లు పోయించాను.

ఫిబ్రవరి 15

ఈరోజు రాయి నిలబెట్టాము. ఈ మొత్తం పనిలో ఇంతకు మించిన ముఖ్యమైన రోజు లేదు. నీరు పై అంచు మీద సమానంగా పరుచుకుని జారాలంటే ఆ అంచు ఈ చివరి నుంచి ఆ చివరికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. నీటి మందమే ఐదారు మిల్లీమీటర్లు అయినప్పుడు రెండు మిల్లీమీటర్ల వాలు ఉన్నా నీరు పల్లం వైపుకే ఎక్కువగా పోతుంది. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చిందని మేస్త్రీ తృప్తిపడ్డాడు. నేను సన్నటి పారదర్శకపు గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలా పట్టి చూస్తే తూర్పు వైపు నూలుపోగంత ఎక్కువుంది. రాయి కింద రేకు ముక్క పెట్టి సరిచేశాము. మేస్త్రీ విసుక్కోలేదు, వంగి, ఒక కన్ను మూసి, గొట్టంలో నీటిగీతను నాకంటే ఎక్కువసేపు చూశాడు.

రాయి వెనుక ఇటుక దిమ్మె కట్టి, దాని మీద అరచేతి లోతు తొట్టి ఒకటి చేశాము. మోటారు నుంచి వచ్చే అంగుళం పైపు ఆ తొట్టి అడుగున ప్రవేశిస్తుంది. పైపు చివర అడ్డంగా మరో ముక్క బిగించి, దానికి కింది వైపు బెజ్జాలు వేశాను. నీరు నేరుగా ఎగజిమ్మితే అంచు దగ్గర అలలు లేచి ధార తెగిపోతుంది. కిందికి కొట్టి మెల్లగా పైకి ఉబికితే ప్రశాంతంగా అంచు దాటుతుంది. మోటారు ఆపగానే ఈ తొట్టిలో నీరంతా అదే పైపు గుండా కిందికి దిగిపోతుంది గనుక దోమకు అక్కడ కూడా చోటు లేదు. ఆ నీరు పట్టేందుకు కింది తొట్టెలో పైన నాలుగంగుళాల ఖాళీ వదలాలి.

ఫిబ్రవరి 17

మోటారు లెక్క. పద్దెనిమిది అంగుళాల, అంటే 45 సెంటీమీటర్ల అంచు మీద ఆరు మిల్లీమీటర్ల మందాన నీరు దాటాలంటే గంటకు సుమారు 1,400 లీటర్లు కావాలి. దుకాణంలో డబ్బా మీద గంటకు 3,000 లీటర్లని రాసి ఉన్న 45 వాట్ల మోటారు తీసుకున్నాను. డబ్బా మీది అంకె ఎత్తేమీ లేనప్పుడు ఇచ్చే నీరు; ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కింది నీటిమట్టం నుంచి పై తొట్టి వరకు మాకు 1.4 మీటర్లు. బిగించాక 15 లీటర్ల బకెట్ పట్టి గడియారం చూస్తే 36 సెకన్లలో నిండింది. అంటే గంటకు 1,500 లీటర్లు, మాకు సరిగ్గా సరిపోతుంది. రోజుకు ఆరు గంటలు నడిపితే నెలకు ఎనిమిది యూనిట్ల కరెంటు.

సాయంత్రం నీరు వదిలాము. అద్దంలాంటి పాలిష్ ముఖం మీద నీరు పరుచుకోలేదు. అంచు దాటిన జానెడు దూరంలోనే ముడుచుకుని మూడు తాళ్లుగా విడిపోయింది. మధ్యలో రాయి పొడిగా మిగిలిపోయింది. వాల్వు ఎంత తిప్పినా తాళ్లు లావయ్యాయే గానీ కలవలేదు. నునుపైన రాయికి నీటిని పట్టి ఉంచే గరుకుదనం లేదు. రాయిని వెనక్కి తిప్పాలి. అంటే మళ్లీ నలుగురు మనుషులు, మళ్లీ నీటి గొట్టం, మళ్లీ రేకు ముక్క.

ఫిబ్రవరి 19

తిప్పాము. రంపపు గీతలున్న ముఖం పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగులో, ఏ వన్నే లేకుండా ఉంటుంది. మోటారు వేశాక నీరు ఆ గీతల వెంట అడ్డంగా పాకుతూ, ఒక గీత నుంచి మరో గీతకు దిగుతూ, అర నిమిషంలో రాయంతా కప్పేసింది. నీటి అంచు కిందికి జరిగేకొద్దీ బూడిద రంగు నలుపుగా మారింది, ఆ నలుపులోంచి బంగారు చుక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మేస్త్రీ చేతిలో తాపీ అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

మన్నేరు ఒడ్డున పుట్టి పెరిగిన మా అమ్మ కాసేపు వింటూ కూర్చుని, “ఇసుకలో చెలమ తవ్వితే పక్కల నుంచి నీళ్లు ఊరే చప్పుడు ఇదే నాయనా” అన్నది.

ఫిబ్రవరి 26

మూడు రోజులుగా మోటారు వేసిన పది నిమిషాలకు ఇంటి కరెంటు మొత్తం పోతోంది. బోర్డులో బిగించిన, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతోంది. కరెంటు పనివాడు ఆర్‌సీసీబీ పాడైందని, తీసేసి నేరుగా కలుపుతానని అన్నాడు. ఒప్పుకోలేదు. నీళ్లలో మునిగి ఉండే పరికరానికి, దాని పక్కనే తడి కాళ్లతో నడిచే మనుషులకు మధ్య ఉన్న రక్షణ అదొక్కటే. అది పడిపోతోందంటే తన పని తాను చేస్తోందన్నమాట. గులకరాళ్లు తీసి వెదికితే, మోటారు వైరు పొడవు చాలక అతను వేసిన అతుకు నల్ల టేపు చుట్టి రాళ్ల కిందే వదిలేసి ఉంది. తడి అక్కడికి చేరింది. అతుకు లేని పొడుగాటి వైరున్న మోటారుకు మార్పించి, ఆ వైరును గట్టి గొట్టంలో నడిపి, జంక్షన్ డబ్బాను గోడకు మూడడుగుల ఎత్తున బిగించాము. వైరు డబ్బాలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరుగుతుంది. దాని మీద జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కొత్త మోటారుకు కూడా బకెట్ పరీక్ష చేశాను, తేడా లేదు.

మార్చి 26

నెల రోజులు హాయిగా నడిచింది. ఈ ఉదయం రాయిని దగ్గరగా చూసి దిగులుపడ్డాను. నీటిధార రెండు పక్కలా, అది తడిపీ తడపకుండా వదిలే చోట, తెల్లటి గార గీతలు పైనుంచి కిందికి దిగి ఉన్నాయి. పై అంచు మీద గోరుతో గీస్తే రాలని పొర ఒకటి కట్టింది. బంగారు చుక్కలు దాని కింద మసకబారాయి. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. “కాగులో రోజూ కాచే నీళ్లేగా ఇవీ. కాగు అడుగున పట్టింది రాయికి పట్టదా?” అన్నది.

మా బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, మీటరులో 1,400 చూపిస్తుంది. లీటరుకు ఇంచుమించు 1.4 గ్రాముల లవణాలు. 400 లీటర్ల తొట్టెలో మొదటి రోజే అరకిలోకు పైగా, 560 గ్రాములు ఉన్నాయన్నమాట. ఆవిరై పోయేది నీరు మాత్రమే, లవణాలు పోవు. రోజూ మట్టం రెండున్నర సెంటీమీటర్లు తగ్గుతోంది. ఆ పదహారు లీటర్ల లోటు పూడ్చినప్పుడల్లా మరో 22 గ్రాములు చేరుస్తున్నాను. 28 రోజులకు మొత్తం 1,180 గ్రాములకు పైమాటే. లెక్క ప్రకారం ఇప్పుడు మీటరు 2,900 దాటాలి. 2,500 మాత్రమే చూపిస్తోంది. మిగిలిన దానిలో కొంత ఎక్కడికి పోయిందో రాయి మీద కళ్లకు కనబడుతోంది.

నీటిని తిప్పి వాడుతున్నానని సంతోషించానే గానీ, తిరిగే నీరు తనలోని ఉప్పును తనలోనే కూడబెట్టుకుంటుందని ముందుగా ఆలోచించలేదు. బోరు నీళ్లతో లోటు పూడ్చినంతకాలం ఈ రాయి తెల్లబడుతూనే ఉంటుంది. మన జిల్లాలో ఇలాంటిది కట్టదలచుకున్న వారెవరైనా రాయి, మోటారు సంగతి తర్వాత చూసుకుని, ముందు లోటు నీరు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవాలి.

ఏప్రిల్ 5

మట్టం రోజుకు రెండున్నర సెంటీమీటర్లు తగ్గడం ఎక్కువనిపించి పరీక్ష పెట్టాను. మోటారు ఆపి ఇరవై నాలుగు గంటలు వదిలేస్తే తగ్గుదల రెండు మిల్లీమీటర్లే. తొట్టె గట్టిగానే ఉంది. నడిపిన రోజునే పోతోందంటే లోపం పైనే ఉండాలి. గులకరాళ్లు పక్కకు నెట్టి షీటు అంచు వెంట వేలు పెట్టి చూస్తూ పోతే, ఉత్తరం వైపు ఒక జానెడు మేర అంచు కుంగి, వెనుక మట్టి తడిసి ముద్దగా ఉంది. అంచును రెండంగుళాలు పైకి లేపి కింద సిమెంటు కట్ట పోశాము. ఇప్పుడు తగ్గుదల 1.3 సెంటీమీటర్లు, అంటే ఎనిమిదిన్నర లీటర్లు. మార్చిలో వేసిన లెక్కను కూడా సరిదిద్దుకోవాలి: కారిపోయిన నీరు తన ఉప్పును వెంట తీసుకుపోయింది కాబట్టి మీటరు తేడా అంతా రాయి మీదిది కాదు.

ఏప్రిల్ 12

గార తీయడానికి మేస్త్రీ నేల కడిగే యాసిడ్ అన్నాడు. ఆ రాయిలో ఇనుముంది. గాఢమైన యాసిడ్ తగిలితే తుప్పు మరకలు తేలుతాయన్న భయంతో నిమ్మరసంతో మొదలుపెట్టాను. పొదలకూరు నిమ్మకాయలు రెండు డజన్లు పిండి, గుడ్డ తడిపి గార మీద అతికిస్తే సన్నటి నురుగు లేచింది. పదిహేను నిమిషాలకు కొబ్బరి పీచుతో రుద్దితే పక్క గీతలు పోయాయి. పై అంచు పొర మాత్రం లొంగలేదు. అమ్మ చెప్పినట్టు కాగు తోమే పద్ధతిలో చింతపండు గుజ్జు పట్టించి, మీద తడిగుడ్డ కప్పి, రాత్రంతా ఉంచి తోమితే చాలావరకు వదిలింది. రుద్దిన నీరు తొట్టెలోకి పోకుండా కింద పళ్లెం పెట్టాను. తొట్టెలోని ఉప్పు నీరంతా తోడి కొబ్బరి చెట్లకు పోశాము. కొబ్బరి ఆ ఉప్పును ఓర్చుకుంటుంది.

వాన వచ్చేదాకా మోటారు వేయదలచుకోలేదు.

మే 3

పడకగది ఏసీ నుంచి కారే నీరు కింద బకెట్‌లో పడుతుంటే, ఎందుకో మీటరు ముంచి చూశాను. 18. గాలిలోని తేమ చల్లటి రాగి గొట్టాల మీద బొట్లు కట్టి కారే నీరు గనుక దాదాపు బట్టీ పట్టిన నీరే. రాగి ఆనవాళ్లు ఉండవచ్చు కాబట్టి చేపలకు, తాగడానికి పనికిరాదు. రాయికి మాత్రం దీనికి మించిన నీరు లేదు. రోజూ కొలుస్తున్నాను. సముద్రపు గాలి తిరిగిన రాత్రుల్లో తెల్లవారేసరికి తొమ్మిది, పది లీటర్లు. పడమటి గాలి వీచిన రాత్రుల్లో నాలుగు లీటర్లే, ఎందుకంటే ఆ గాలిలో తేమ లేదు. రాయి మీది నీరు ఎక్కువగా ఆవిరయ్యేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. అందువల్ల గాలి పొడిగా ఉన్న రోజు ఒక్క సాయంత్రమే రెండు గంటలు నడపాలని, మిగిలిన రోజుల్లో ఉదయం రెండు, సాయంత్రం నాలుగు గంటలు నడపాలని నిర్ణయించాను. ఏసీ పైపుకు ముప్పావు అంగుళం గొట్టం కలిపి, గోడ వెంట వాలుగా నడిపి తొట్టెకు చేర్చాము. గొట్టం చివర జాలీలో జిగురు పాచి చేరుతుంది. వారానికొకసారి, శుక్రవారం పూలకుండీల పళ్లేలు కడిగేటప్పుడు, దాన్నీ కడగాలి.

మే 22

నిన్న రాత్రి ఈదురుగాలితో అరగంట వాన పడింది. మా మేడ పైకప్పు సుమారు తొంభై చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్లు. మొదటి పది నిమిషాల నీటిని ఎండాకాలపు దుమ్ముతో సహా బయటికి వదిలేసి, ఆ తర్వాతి నీటిని గొడుగు కింద నిలబడి పైపు మళ్లించి తొట్టెలోకి పట్టాను. అర్ధరాత్రికి నిండింది. వాన నీరు మీటరులో 31, తొట్టెలో కలిశాక 140.

తెల్లవారుజామున ఐదున్నరకు మోటారు వేశాను. నలభై రోజులు పొడిగా నిలబడిన రాయి పైనుంచి కిందికి మళ్లీ నల్లబడింది. అమ్మకు మెలకువ వచ్చి, కర్ర సాయంతో తానే వరండాలోకి నడిచి వచ్చింది.

జూన్ 21

నెల గడిచింది. లోటంతా ఏసీ నీటితోనే పూడింది; బోరు నీరు ఒక్క చెంబు కూడా పోయలేదు. మీటరు 190 చూపిస్తోంది. ఆ పెరిగిన యాభై వరల సిమెంటు నుంచీ, పడమటి గాలి తెచ్చిన దుమ్ము నుంచీ వచ్చి ఉంటుంది. పై అంచును భూతద్దంతో చూశాను. చింతపండుకు లొంగని పాత గార చుక్కలు మూడు ఉన్నాయి, కొత్తవి లేవు. దక్షిణం పక్కన నీటి అంచు వెంట సన్నటి పచ్చటి నాచు మొదలైంది. దాన్ని తీయాలా ఉంచాలా అని అమ్మను అడిగితే ఉంచమన్నది. అక్టోబరు వానలకు ముందే మేడ పైపుకు శాశ్వతంగా మళ్లింపు వాల్వు బిగించాలి; మేస్త్రీ వచ్చే ఆదివారం వస్తానన్నాడు.